దీపం వద్దన్న చీకటమ్మ

చీకటమ్మ కొండకు వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ క్షేత్రంలో దీపం లేదు. గుహలో లేదు, గుహ ముందున్న రేకుల పందిట్లో లేదు, మెట్ల దారిలోనూ లేదు. హారతి ఇవ్వం, కర్పూరం వెలిగించం, అగరువత్తి ముట్టించం. మెట్ల మొదట్లో చిన్న పాక ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషి మీ జేబులూ సంచులూ చూసి అగ్గిపెట్టెలు, లైటర్లు, బీడీ కట్టలు తీసుకొని చీటీ ఇస్తాడు. అతనితో తగువు పడకండి. "ఒక్క కర్పూరం బిళ్ళేనండీ, మొక్కుకున్నాను" అని బతిమాలేవాళ్ళను ఏటా చూస్తూనే ఉన్నాం. మీ మొక్కు మీకెంత ముఖ్యమో మా అడవి మాకంత ముఖ్యం. బిళ్ళ అక్కడ పెట్టి రండి, దిగేటప్పుడు తీసుకుపోదురు గాని.

బస్సు దిగిన చోటి నుంచి గుహ దాకా మూడు వందల పన్నెండు మెట్లు. నూరు మెట్లు ఎక్కేసరికి మామూలు అడవి అయిపోయి సూదాకు చెట్లు మొదలవుతాయి. పట్నం వాళ్ళు వీటిని పైన్ చెట్లంటారు, పుస్తకాల్లో సరళ వృక్షాలని రాస్తారు. ఆకు సన్నగా పొడుగ్గా సూదిలా ఉంటుంది గనుక మాకు ఇవి సూదాకు చెట్లే. రాలిన ఆకు నేల మీద చీలమండ లోతున పరుచుకొని ఉంటుంది. మెత్తగా ఉంది కదా అని కొందరు దాని మీద దుప్పటి పరిచి భోజనాలకు కూర్చుంటారు. ఎండాకాలంలో ఆ ఆకు ఎంత తొందరగా అంటుకుంటుందో ఒక్కసారి చూస్తే ముద్ద గొంతు దిగదు.

ఈ చెట్లను విడిచి బతకని పిట్ట ఒకటి ఇక్కడ ఉంది. పిచ్చుక కంటే కాస్త పెద్దది. వీపు బూడిద కలిసిన నీలం, రొమ్ము ఇటుక రంగు, ముక్కు పొట్టిగా లావుగా ఉంటుంది. ఆ ముక్కుతో సూదాకు కాయల పొలుసులు విప్పి లోపలి గింజ తింటుంది. జినువాయి అనే చిన్న పిట్టకు చుట్టమని తెలిసినవాళ్ళు చెబుతారు. మేం వత్తిపిట్ట అంటాం. కొండ మొత్తం మీద డెబ్బై ఎనభైకి మించి ఉండవు. మెడలో దుర్భిణులు వేసుకొని దూరాల నుంచి వచ్చేవాళ్ళు దీన్ని చూసి మురిసిపోతారు. మురిసిపోవలసిందే. కానీ మా పెద్దలు ఇదే పిట్ట తల మీదుగా ఎగిరితే గడగడలాడిన రోజులున్నాయి. ఆ రోజుల సంగతి తెలియకుండా అమ్మను చూసి వెళ్ళినవాళ్ళు చూడనట్టే లెక్క.

పూర్వం ఇక్కడ నలభై గడపల బంకవారి ఊరు ఉండేది. చెట్టు బెరడును ఒక పక్కన గీసి, గాటు కింద ఆకు దొప్ప కట్టి, నిండిన దొప్పలు దించుకోవడం వాళ్ళ పని. ఆ బంక ధూపానికీ, మందులకూ, పడవల పగుళ్ళు పూడ్చడానికీ కొండ దిగి పోయేది. అప్పట్లో అమ్మ పేరు జ్యోతమ్మ. గుహలో రాతి ప్రమిద, అందులో ఇప్పనూనె, బూరుగు దూదితో పేనిన బొటనవేలంత వత్తి. ఆ దీపం ఎన్ని తరాలుగా వెలుగుతున్నదో ఎవరికీ తెలియదు. ఆరిన రోజు ఒక్కటీ లేదని మాత్రం అందరికీ తెలుసు.

దీపం చూసుకోవడం ఒక ఇంటి పని, ఆ ఇంటి కోడలి పని. దీపం ఆరిననాడు ఆ కోడలి పసుపుతాడు నిలవదని పెద్దల మాట. రోజూ పొద్దు నడినెత్తికి వచ్చాక కొత్త వత్తి వేసి, పాతదాని నిప్పుతోనే అంటించాలి. పాత వత్తి సగమే కాలి ఉంటుంది, కొసన నిప్పు మిగిలి ఉంటుంది. అమ్మ ముందు వెలిగినది గనుక దాన్ని నోటితో ఊదితే ఎంగిలి, నీళ్ళలో ముంచితే అపచారం, కాలితో నలిపితే మహాపాపం. అందుకని గుహ బయట ఉన్న చదును బండ మీద పెట్టి, దానంతట అది కొండెక్కేదాకా పక్కన కూర్చోవాలి. పక్కన కూర్చోవడం కేవలం మర్యాద కోసమని అందరూ అనుకునేవారు.

సోములమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చి పద్దెనిమిదేళ్ళు. పిల్లలు లేరు, అత్తమామలు ఎప్పుడో పోయారు. భర్త జోగయ్య బంక గీయడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ ఏడు మాఘమాసంలో ఎండుకొమ్మ నరకబోయి చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. ప్రాణం ఉంది గాని కాళ్ళు కదలవు. దాహమేస్తే చెంబు అందుకోలేడు, కాలి మీద ఈగ వాలితే తోలుకోలేడు. వాళ్ళ ఇల్లు గుహకు దిగువన, నాలుగు వైపులా సూదాకు చెట్ల నడుమ ఉండేది. మధ్యాహ్నం వేళకు గంజి తాగించి, పక్క మార్చి, వీపు తుడవకపోతే ఆ మనిషి ఒళ్ళు పుళ్ళు పడుతుంది.

మొదటి రోజుల్లో సోములమ్మ వత్తి దగ్గర సగం సేపు కూర్చుంది. తరవాత ఇంకాస్త తగ్గింది. పక్షం తిరిగేసరికి వత్తిని బండ మీద పెట్టడం, దణ్ణం పెట్టుకోవడం, పరుగున దిగిపోవడం. ఎవరైనా అడిగితే కూర్చున్నాననే చెప్పేది. ఆమెను ఆడిపోసుకోవడం తేలిక. ఆ స్థానంలో ఉంటే నేనూ అలాగే దిగిపోయేదాన్ని, ఇది చదువుతున్న మీరూ దిగిపోయేవారే.

అది వరసగా వానలు లేని మూడో ఏడు. వాగు అడుగున రాళ్ళు తేలాయి. ఆకు కింద తేమ లేదు. అలాంటి చైత్రంలో, ఒక మిట్టమధ్యాహ్నం వేళ, తూర్పు లోయలో పొగ లేచింది.

బంకవారికి మంటంటే ఏమిటో తెలుసు. ప్రతి చెట్టుకూ నిండా బంక ఉన్న దొప్ప కట్టి ఉన్న అడవి అది. ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకొని వెళ్ళి బాది, పళ్ళకర్రలతో ఆకు ఊడ్చి, మంటకు దారి లేకుండా చేశారు. పదకొండు చెట్లు పోయాయి. ఎవరి పొయ్యి నిప్పో ఎగిరిందనుకున్నారు. ఊరి పెద్ద బుచ్చన్న ఇల్లిల్లూ తిరిగి, తెల్లవారుజామున ఒక్కసారే వండుకోవాలనీ, ఆ తరవాత పొయ్యిలో నీళ్ళు పోయాలనీ కట్టడి చేశాడు. అందరూ తలూపారు. సోములమ్మా తలూపింది. గుహలోని దీపం సంగతి ఎవరికీ తట్టలేదు. అమ్మ దీపాన్ని నిప్పు కింద ఎవరు జమకడతారు?

ఆరు రోజుల తరవాత మళ్ళీ మంట వచ్చింది. ఈసారి నేల మీద రాలేదు. చెట్టు చిటారు కొమ్మన పుట్టింది.

కింద ఆకు చల్లగా ఉంది. మాను చెక్కు చెదరలేదు. ఎవరూ ఎక్కని చెట్టు కొసన మంట లేచి కిందికి దిగుతోంది. అడవిలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అలాంటిది చూసి ఎరగరు. బుచ్చన్న తమ్ముడు సిమ్మన్న గొడ్డలి నడుముకు దోపుకొని, అంటుకున్న కొమ్మ నరకడానికి ఎక్కాడు. కొమ్మ తెగి పడేలోపు బంక కరిగి అతని మీద కారింది. మంట ఆరింది, సిమ్మన్న ప్రాణంతో దిగలేదు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో భయం కాపురం పెట్టింది. పైనుంచి వచ్చే నిప్పుకు కారణం కొరివిదయ్యమే అన్నారు. చెట్ల కింద నడవడం మానేశారు. నడవక తప్పకపోతే తల పైకెత్తి నడిచేవారు, తట్టుకొని పడేవారు. పొయ్యి వెలిగించడమే మాని నానబెట్టిన గింజలు తిన్నవాళ్ళున్నారు. రెండు మంటలూ పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడే పుట్టాయి. ఆ వేళకు పిల్లల్ని చంకనేసుకొని, మూటలు నెత్తిన పెట్టుకొని, ఊరంతా వాగులో రాళ్ళ మీద నిలబడి కొండ వైపు చూసేది. ఎవరి కోక నుంచో పాత పొగ వాసన తగిలినా ఒళ్ళు జల్లుమనేది.

వాగులోకి రాలేనివాడు ఒక్క జోగయ్యే. సోములమ్మ ఒకనాడు ఎవరూ చూడకుండా అతణ్ణి దుప్పటి మీదికి దొర్లించి లాగి చూసింది. మంచం దగ్గరి నుంచి గడప దాకా లాగేసరికి ఆమె చేతులు పడిపోయాయి. జోగయ్య నొప్పి ఓర్చుకుంటూ పళ్ళు బిగబట్టి ఉన్నాడు. గడప నుంచి వాగుకు ఆరు వందల బారలు ఉంటుంది. ఆమె మళ్ళీ అతణ్ణి మంచం దగ్గరికి లాగింది. మంట గనుక ఇటు వస్తే ఈయన ఇక్కడే కాలిపోతాడని ఆ రోజు ఆమెకు ఖాయంగా తెలిసింది.

సిమ్మన్న పోయిన తొమ్మిదో రోజున బుచ్చన్న పిట్టను చూశాడు. మధ్యాహ్నం ఎండలో గుహ వైపు నుంచి ఎగిరి వస్తోంది, ముక్కున ఎర్రగా నిప్పు. అతని కళ్ళ ముందే అది చెట్టు కొసన ఉన్న తన గూట్లో వాలింది, కాసేపటికి అక్కడ పొగ లేచింది. అదృష్టం బాగుండి ఆ గూడు దానంతట అదే జారి బండరాళ్ళ మీద పడింది. బుచ్చన్న పరుగున ఊళ్ళోకి వచ్చి చెప్పాడు. ఇక ఎవరికీ సందేహం లేదు. కొరివిదయ్యం ఈ పిట్టల్లో దూరింది. కొండ మీద ఒక్క పిట్ట మిగిలినా మనం మిగలం అన్నాడు. బంకలో ఇప్పనూనె పోసి చేత్తో పిసికి జిగురు చేయాలనీ, కొమ్మలకు పూసి పిట్టల్ని పట్టి మెడలు విరవాలనీ, గూళ్ళు రాలగొట్టాలనీ తీర్పు అయింది. జిగురు చిక్కబడడానికి మూడు రోజులు గడువు పెట్టుకున్నారు.

పిట్ట గుహ వైపు నుంచి వచ్చిందన్న మాట సోములమ్మ చెవిలో ఉండిపోయింది. మరునాడు వత్తిని బండ మీద పెట్టి, దిగిపోయినట్టే దిగి, పొద చాటున ఆగింది.

ఎక్కువసేపు ఆగనక్కరలేకపోయింది. పిట్ట వచ్చింది. వత్తి చుట్టూ రెండుసార్లు గెంతింది. కాలని తెల్లటి కొసను ముక్కుతో పట్టి లాగింది. ఆ మూడేళ్ళలో బూరుగు చెట్లు కాయలేదు, పగలలేదు, గాలిలో దూది లేదు. గూట్లో పరుచుకోవడానికి ఆ పిట్టకు కొండ మొత్తం మీద దొరికిన దూది, పాత నిల్వతో పేనిన ఆ వత్తి ఒక్కటే. రెండో కొసన నిప్పు ఉన్న సంగతి దానికేం తెలుసు? అది వత్తిని ఎత్తుకొని చెట్లలోకి పోయింది. సోములమ్మ పిచ్చిదానిలా ఆ చెట్టు కిందికి పరిగెత్తి, తల ఎత్తి, పొగ వస్తుందేమోనని పొద్దు వాలేదాకా చూసింది. ఆనాడు నిప్పు దారిలోనే చచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ బండ మీద బూడిద కనబడకపోతే గాలికి పోయిందనుకుంది. సిమ్మన్న ఎలా పోయాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది.

"సెప్పకే," అన్నాడు జోగయ్య. "సిమ్మన్న నీ ఒత్తికి పోనాడని తెలిస్తే మనల్ని కొండ దింపెస్తారు. నన్నెవులు మోస్తారు?"

"మరి పిట్టలు?"

"పిట్టలు పోతే పోనాయి. రేపట్నించి ఒత్తి కాడ కూకో. నాను గంజి లేకపోయినా ఉంటాను."

సోములమ్మ ఆ మాట పట్టుకుంది. మరునాడు వత్తి కొండెక్కేదాకా కదలలేదు. ఇక భయం లేదనుకుంది. కానీ బండ మీద దూది దొరకని పిట్ట గుహ గుమ్మంలో వాలింది, లోపలికి చూసింది, తిన్నగా ప్రమిద మీదికి వచ్చింది. వెలుగుతున్న వత్తి తోక ప్రమిద అంచు మీద వేలాడుతుంటే దాన్ని లాగబోయింది. సోములమ్మ కొంగు విసిరి తోలింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోలింది. ఎన్నిసార్లని తోలుతుంది? రాత్రీ పగలూ ఎవరు కాపలా ఉంటారు?

అలసటకు గోడకు చేరబడితే పట్టపగలే కన్ను మూతపడింది. కలలో ఒక ముసలమ్మ ఎదురుగా కూర్చుంది. జుట్టు నిండా సూదాకు, మొహం నిండా మసి, కళ్ళు వాచి ధారగా నీళ్ళు కారుతున్నాయి.

"ఈ అడవి నా ఒళ్ళే అమ్మీ," అంది ముసలమ్మ. "నా ఒంటికి నిప్పెట్టి నాకే దణ్ణాలెడతన్నారు. ఈ దీపం నాకొద్దు. తీసీ."

"దీపం తీస్తే నా పెనిమిటి బతుకుతాడా తల్లీ?" అని సోములమ్మ అడిగింది. ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మెలకువ వచ్చాక సోములమ్మకు అనుమానం పట్టుకుంది. అమ్మ తన దీపాన్ని తానే ఆర్పమంటుందా? దీపం ఆర్పమని అడిగేది కొరివిదయ్యమే అయితే? ఆర్పితే భర్త పోతాడు. ఆర్పకపోతే మంట వచ్చి భర్త పోతాడు. నోరు విప్పితే కొండ దింపేస్తారు, దారిలో భర్త పోతాడు. ఎటు చూసినా ఆ ఒక్క ప్రాణమే ఆమె కళ్ళకు అడ్డంగా నిలబడింది. ఆ రోజు ఏ నిర్ణయానికీ రాలేక లేచి ఇంటికి పోయింది.

మూడో రోజు పొద్దెక్కేసరికి ఊరంతా అడవిలో ఉంది. జిగురు పూసిన కొమ్మలు వాగు ఒడ్డున ఉన్న చెట్ల నిండా కట్టారు. మొదటి పిట్ట పడింది. ముందు కాళ్ళు అంటుకున్నాయి. విడిపించుకోబోతే రెక్క అంటుకుంది. అది అరుస్తుంటే దాని జత వచ్చి చుట్టూ తిరిగి అరిచింది. బుచ్చన్న నిచ్చెన ఎక్కి దాన్ని పీకి, కిందికి దిగి, మెడ మీద బొటనవేలు పెట్టాడు.

"ఆ ఒత్తి నాది," అంది సోములమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మొదటి నుంచీ చెప్పింది. కూర్చోవలసిన చోట కూర్చోలేదని, పిట్ట దూది కోసం వత్తిని ఎత్తుకుపోయిందని, తన కళ్ళతో చూసి కూడా రెండు రోజులు నోరు మూసుకుందని చెప్పింది. చెబుతున్నంతసేపూ బుచ్చన్న మొహం వైపు చూడలేకపోయింది. అతని చేతిలో ఉన్న పిట్ట వైపే చూసింది.

బుచ్చన్న వేలు తీయలేదు, నొక్కలేదు. "రెండు దినాలు దాసినదానివి ఇప్పుడెందుకు సెప్తన్నావు?" అన్నాడు.

"ఇయ్యాల పిట్టల్ని సంపెస్తారు. రేపు మళ్ళీ మంటొస్తే ఎవుల్ని సంపుతారన్నా?"

జనంలో గోల లేచింది. కొండ దింపండి అన్నవాళ్ళున్నారు, అంతకంటే పెద్ద మాటలు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ గోలలోనే ఎవరో గాలి వాసన చూశారు. అందరూ తలలు కొండ వైపు తిప్పారు. ఊరంతా ఇక్కడ ఉంది, సోములమ్మా ఇక్కడే ఉంది, గుహలో దీపం దగ్గర ఎవరూ లేరు. గుహ నెత్తిన ఉన్న పెద్ద సూదాకు చెట్టు కొస నుంచి పొగ వస్తోంది. గాలి పైనుంచి కిందికి కొడుతోంది. ఆ గాలికి ఎదురుగా మొట్టమొదట ఉన్నది జోగయ్య పడుకున్న ఇల్లు.

వాగు నుంచి పైకి వెళ్ళే దారి ఒకచోట రెండుగా చీలుతుంది. ఒకటి ఆమె ఇంటికి, ఒకటి గుహకు. సోములమ్మ అక్కడిదాకా పరిగెత్తి ఆగిపోయింది. ఇంటికి వెళ్తే అతణ్ణి గడప కూడా దాటించలేదు. గుహకు వెళ్తే అతణ్ణి వదిలేసినట్టే. వెనక నుంచి బుచ్చన్న వచ్చాడు. చేతిలోని పిట్టను తలపాగా మడతలో దోపుకొని ఉన్నాడు.

"జోగిగాణ్ణి నాను తెస్తాను. నువ్వు దీపం సూడు," అని ఇంటి దారి పట్టాడు.

సోములమ్మ గుహలోకి పోయేసరికి పొగ ముసిరింది. ప్రమిద అంచు మీద ఇంకా రెండు పిట్టలు వాలి, మిగిలిన వత్తిని చెరొక వైపు లాగుతున్నాయి. ఇంకొక్క గుంజు గుంజితే ఆ నిప్పు కూడా చెట్లలోకి పోతుంది. ఊదడానికి నోరు రాలేదు, పద్దెనిమిదేళ్ళ అలవాటు. నీళ్ళు లేవు. మెడలో పసుపుతాడు ఒకసారి తడిమి చూసుకొని, రెండు అరచేతులూ ఆ మంట మీద మూసింది. కాగిన నూనెలో వేళ్ళు మునిగాయి. తరతరాల దీపం ఆమె చేతుల్లో కొండెక్కింది. గుహ చీకటయింది. ఆ చీకట్లో ఆమె, నా పెనిమిటి ఈపాటికి పోయి ఉంటాడు అనుకుంటూ నిలబడిపోయింది. అంత భయం ఈ కొండ మీద ఇంకెవరూ పడలేదని మా పెద్దలు అంటారు.

బయట ఊరంతా పళ్ళకర్రలతో చదును బండ నుంచి లోయ అంచు దాకా ఆకు ఊడ్చి బాట చేసింది. గాలి ఒక గడియ సేపు పడిపోయింది. అమ్మే ఊపిరి బిగబట్టిందని అంటారు, నేనూ అలాగే నమ్ముతాను. మంట ఆ బాట దగ్గర ఆగింది. నలభై చెట్లు పోయాయి. సోములమ్మ ఇల్లు మాడి మసయింది. సోములమ్మ కాలిన చేతులు ముందుకు చాపుకొని, తడుముకుంటూ బయటికి వచ్చేసరికి, బుచ్చన్న వాగు వైపు నుంచి దారి మీద ఎక్కి వస్తున్నాడు. వీపు మీద జోగయ్య ఉన్నాడు. దగ్గుతున్నాడు. దగ్గుతున్నాడంటే బతికి ఉన్నట్టే.

దీపం ఆరితే పసుపుతాడు నిలవదన్నారు కదా. జోగయ్య ఆ తరవాత ఏడేళ్ళు బతికాడు, అదీ గంజిలో ఉప్పు తక్కువైందని రోజూ సణుగుతూ. సోములమ్మ వేళ్ళు మాత్రం మళ్ళీ తిన్నగా చాచుకోలేదు.

ఆనాడు సాయంత్రం బుచ్చన్న చదును బండ మీద కూర్చొని, ఆరిన ప్రమిదలోని ఇప్పనూనెతో పిట్ట రెక్కల జిగురు ఈక ఈకా వదిలించాడు. అది ఎగిరిపోయాక సోములమ్మతో అన్నాడు: "నిన్ను కొండ దిగమనను. సెమించానని కూడా అనను. ఏటేటా ఇదే దినాన, ఇక్కడే, అందరి ముందూ ఆ మాట మళ్ళీ సెప్పు." ఇంతకు మించి తీర్పు లేదు. దీపం మళ్ళీ పెట్టాలని ఎవరూ అనలేదు. అమ్మను అప్పటి నుంచే చీకటమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు ఆ రోజు వచ్చింది. వానలు పడ్డాయి, బూరుగు కాయలు పగిలాయి. ఊరంతా బండ చుట్టూ చేరింది. సోములమ్మ నోరు తెరిచింది, ఎదురుగా బుచ్చన్న మొహం చూసింది, మాట రాలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఏడుపు ఆపుకోలేక గుహలోకి పోయింది. మొహాలు కనబడని ఆ చీకట్లో నిలబడి, "ఆ ఒత్తి నాది. సిమ్మన్న నా వల్ల పోనాడు," అంది. జనం ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఆ చీకట్లో నిలబడ్డారు.

అప్పుడు ఇంకొక గొంతు వినబడింది.

"ఆడు ఎక్కనన్నాడు. బయంగా ఉందన్నాడు. తిట్టి ఎక్కించినోణ్ణి నాను."

అది ఎవరి గొంతో అందరికీ తెలుసు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పిట్టల మీద అంత కసి ఎందుకో ఆనాటికి ఊరికి అర్థమయింది. ఆ తరవాత బుచ్చన్న ఆ మాట బయట వెలుతురులో ఎప్పుడూ ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు. మనిషి మాత్రం రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టాడని ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నారు.

ఇప్పటికీ చైత్రమాసంలో చివరి ఆదివారం ఈ సేవ జరుగుతుంది. ఫాల్గుణంలోనే భక్తులు తెచ్చిన బూరుగు దూదిని నూనె తగలకుండా ముళ్ళకంప మీద వేలాడదీస్తాం. పిట్టలు వచ్చి కావలసినంత పట్టుకుపోతాయి. ఆ వేడుక చూడడానికే కొందరు వస్తారు. నైవేద్యం నిప్పు తగలనిదే. వడపప్పు, పానకం, నానబెట్టిన అటుకులు. వేడి ప్రసాదం లేదేమని అడగకండి.

సేవ రోజున మధ్యాహ్నం అందరినీ గుహలోకి పంపిస్తాం. అమ్మ విగ్రహం కనబడదు, చేత్తో తాకి చూడాలి. మొదట దీపపు ఇంటి కోడలు, సోములమ్మ తరవాత ఆ పని జోగయ్య దాయాదులకు వచ్చింది గనుక ఇప్పుడు నేను, "ఆ వత్తి నాది" అంటాను. తరవాత ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు తమ తప్పు ఒక్క మాటలో చెబుతారు. నియమం ఒక్కటే. గొంతు గుర్తుపట్టకూడదు. పక్కన నిలబడ్డది మీ ఇంటావిడే అయినా, మీ పై అధికారే అయినా, బయటికి వచ్చి "అది నువ్వేనా" అని అడగకూడదు. అడిగినవాళ్ళను ఈ కొండ మళ్ళీ ఎక్కనివ్వం. ముప్పై ఏళ్ళుగా ఆ చీకట్లో నిలబడి వింటున్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ గుమ్మం దగ్గర ఒకసారి ఆగుతారు, నేనూ ఆగుతాను.

సంతానం కలుగుతుందని, ఉద్యోగం వస్తుందని నేను రాయను. అలాంటి వరాలిచ్చే అమ్మలు కింద ఊళ్ళలో చాలామంది ఉన్నారు. చీకటమ్మ తీసేది భయం ఒక్కటే. అది కూడా చెప్పుకున్నవాళ్ళకే. ఒకవేళ లోపల నిలబడ్డాక గొంతు పెగలకపోతే సిగ్గుపడకండి. మేం తొందర పెట్టం. ఊరికే నిలబడి, అమ్మను తాకి, దిగి వెళ్ళి, వచ్చే చైత్రానికి మళ్ళీ రండి. బుచ్చన్నకు కూడా ఏడాది పట్టింది.